బొంతల వదిన ఇస్త్రీ పెట్టె

ఇరవయ్యారేళ్ళలో ఆ ఇస్త్రీ పెట్టె వదిన చేతిలోంచి జారడం అదే మొదటిసారి. జారింది జారినట్టు ఊరుకుందా? బల్ల అంచును తాకి, ఓ పల్టీ కొట్టి, మరదలి కాలి బొటనవేలికి బెత్తెడు దూరంలో ధబ్బున పడింది. నేల మీది టైలు పగిలింది, పెట్టె పిడి రెండుగా చీలింది, మూతి వంకరపోయింది. మరదలు కెవ్వున అరిచి మంచమెక్కేసింది. వదిన మాత్రం కదల్లేదు. తన కుడిచేతిని ఎవరో పరాయివాళ్ళ చేతిని చూసినట్టు చూస్తూ నిలబడిపోయింది.

"నా కాలు బాగానే ఉంది వదినా. నువ్వు అడగలేదు, నేనే చెబుతున్నా," అన్నది మరదలు మంచం మీదినుంచే.

"నీ కాలికేం. నా చెయ్యే..." అని మిగతా మాట మింగేసింది వదిన.

వదిన అంటే ఆ వీధికంతటికీ వదినే. కట్టుకున్నాయన ఒక్కడే ఆమెను "ఏమోయ్" అంటాడు. తక్కినవాళ్ళంతా, ఆమెకంటే పదేళ్ళు పెద్దవాళ్ళతో సహా, బొంతల వదిన అనే పిలుస్తారు. లోకంలో పొందికలేని ప్రతి పనినీ జనం అతుకుల బొంత అని వెక్కిరిస్తారు కదా, ఆ మాట వదిన చెవిన పడిందో, అన్నవాడి పని అయిపోయినట్టే. "ఎనభై అతుకులు, ఎనభై మూలలు, ఒక్కటి నూలుపోగంత పక్కకు జరిగినా చివరి వరస కలవదు. ఒక్క బొంత కుట్టి చూపించి అప్పుడను ఆ మాట," అని నిలదీస్తుంది. ఇంతవరకూ ఎవరూ కుట్టి చూపించలేదు.

నాలుగు నెలల కిందట స్నానాల గదిలో కాలుజారి మణికట్టు విరగ్గొట్టుకుంది. ఆరు వారాలు కట్టు. కట్టు విప్పాక చూస్తే చెయ్యి చిక్కి సగమయింది. మిషను మీద గుడ్డ జరపడానికి ఆ చెయ్యి చాలు. కానీ బొంత పనిలో కుట్టు సగమే, మిగతా సగం ఇస్త్రీ. ప్రతి అతుకూ కుట్టగానే పెట్టెను ఎత్తి, నిలువుగా దించి, అయిదు లెక్కపెట్టి, మళ్ళీ నిలువుగా ఎత్తాలి. ఎత్తి దించడమే తప్ప జరపకూడదు. ఒక్కో బొంతకు ఆ ఎత్తి దించడాలు మూడొందలకు తక్కువుండవు. పాత పెట్టె మంచి బరువుది, దాని బరువే సగం పని చేసిపెట్టేది. ఇప్పుడు ఆ బరువే పగబట్టింది.

దెబ్బ తగలకముందు వదిన ఒక మాట ఇచ్చింది. ఆసుపత్రిలో పిల్లల వార్డు కొత్త గదుల్లోకి మారుతోంది. అక్కడ పది చిన్న మంచాలు. వార్డు చూసుకునే పెద్ద సిస్టరు పది బొంతలు అడిగింది, ఈ నెలాఖరుకల్లా కావాలన్నది. ఆరు అయ్యాయి. నాలుగు మిగిలాయి.

"ఆరు ఇచ్చేసి దండం పెట్టు వదినా. విరిగిన చెయ్యి చూసి కూడా కాదంటారా?" అన్నది మరదలు.

"పది మంచాలుంటే ఆరింటికి బొంతలు కప్పి, మిగతా నలుగురు పిల్లలనూ చూస్తూ పడుకోమంటావా? వాళ్ళేం పాపం చేశారు?"

వదిన వంగి, చీలిన పిడిని జాగ్రత్తగా ఎడమచేత్తో తీసి బల్ల మీద పెట్టింది. వీధి చివర రిపేరు దుకాణం తాతగారి దగ్గరికి పెట్టెను పంపితే, ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి, "ఇక దీన్ని విశ్రాంతి తీసుకోనివ్వండి," అని తిప్పి పంపాడు.

"ఈ వారంలో నా చేతికి లొంగే పెట్టె దొరకాలి. లేకపోతే మిషను మేస్త్రికి ఇచ్చేస్తాను," అన్నది వదిన. మేస్త్రి అంటే పాత కుట్టు మిషన్లు కొని, బాగుచేసి అమ్మే మనిషి. వదిన మిషను మీద ఆయనకు పదేళ్ళుగా కన్ను. "పని చెయ్యని మిషను ఎదురుగా పెట్టుకుని కూర్చోవడం నావల్ల కాదు."

అది కోపంలో అన్న మాట కాదని మరదలికి తెలుసు. కోపంలో అయితే వదిన ఇంతకంటే చాలా గట్టిగా మాట్లాడుతుంది.

మర్నాడు ఇద్దరూ బజారుకు వెళ్ళారు. వదిన చేతిసంచిలో ముందుగా వేసుకున్నది డబ్బు కాదు. ఉతికి ఆరేసిన తెల్లగుడ్డ ముక్క, కుట్టి ఇంకా ఇస్త్రీ చెయ్యని అతుకులు ఓ డజను, చిన్న నీళ్ళ సీసా. ఎలక్ట్రికల్ సామాన్ల షాపాయన వాటిని చూసి కళ్ళజోడు సర్దుకున్నాడు.

"అమ్మా, పెట్టె కొంటారా, దానికి పరీక్ష పెడతారా?"

"పాసైతేనే కొంటాను," అన్నది వదిన.

చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు. ఈసారి వినేది వదిన అని పాపం ఆయనకు తెలియదు. అన్నిటికంటే ఖరీదైనది, నీలం రంగు ఆవిరి పెట్టె తెచ్చి బల్ల మీద పెట్టి, దాని గుణగణాలు వర్ణించడం మొదలుపెట్టాడు. వదిన దాన్ని వెల్లకిలా తిప్పింది. అడుగంతా జల్లెడలా బెజ్జాలు.

"ఈ బెజ్జాలున్న చోట నా కుట్టుకు వేడి ఎట్లా తగులుతుంది?"

"ఆవిరి తగులుతుంది కదమ్మా."

"సరే, తగలనివ్వండి."

నీళ్ళు పోసి, వేడెక్కించి, తెల్లగుడ్డ మీద దించింది. పెట్టె ఒక్క తుమ్ము తుమ్మి గుడ్డ మీద నాలుగు చుక్కలు చిమ్మింది. వదిన దాన్ని నిలబెట్టి, అతుకులు ఒక్కొక్కటే తీసి, మూలకు మూల కలిపి, బల్ల మీద నింపాదిగా పేర్చుకుంది. ఇంట్లో ఎంతసేపు పేర్చుకుంటుందో ఇక్కడా అంతసేపూ పేర్చుకుంది. షాపాయన ఈలోపు ఇద్దరికి బల్బులమ్మాడు. మళ్ళీ పెట్టె అందుకుంటే చల్లగా ఉంది.

"కాసేపు కదపకపోతే దానంతటదే ఆగిపోతుందమ్మా. భద్రత కోసం," అన్నాడాయన గొప్పగా.

"నేను అతుకులు పేర్చుకునేలోపల ఇది నిద్రపోతే, మాటిమాటికీ దీన్ని లేపుతూ కూర్చునేదెవరు? చొక్కాలు చేసుకునేవాళ్ళకు మంచిదే నాయనా, తప్పు పట్టడం లేదు. నా పనికి రాదు." ఇక ధర అడిగితే ఆ డబ్బుకు ఒక తాను గుడ్డ వస్తుంది. పక్కన పెట్టించింది.

రెండోది అచ్చం పాత పెట్టెకు తమ్ముడే. బరువు, నున్నటి అడుగు, ఒక్క బెజ్జం లేదు. వదిన ముఖం విప్పారింది. మొదటి అతుకు మీద దించి అయిదు లెక్కపెట్టి ఎత్తింది. కుట్టు కాగితంలా పరుచుకుంది. రెండోదీ అంతే. మూడో దానికి పళ్ళు బిగించింది. అయిదో అతుకు దగ్గర చెయ్యి వణికింది. ఆరో దానికి ఎడమచెయ్యి కూడా వేసి, పెట్టెను మెల్లగా, పడుకున్న పసిబిడ్డను దించినట్టు దించి, చీరకొంగుతో నుదురు తుడుచుకుంది. మరదలు అటు తిరిగి బల్బుల వంక చూస్తూ నిలుచుంది. వదిన మొహం ఆ క్షణాన ఎవరూ చూడకూడదని ఆమెకు తోచింది.

మూడోది కింది అరలోంచి వచ్చింది. డబ్బా మీద దుమ్ము. ఒక తిప్పుడు మీట, ఒక ఎర్ర దీపం, నున్నటి అడుగు రేకు, అంతే. ధర ఎవరైనా పెట్టగలిగినంత. వదిన దాన్ని రెండు వేళ్ళతో ఎత్తింది. పదిసార్లు ఎత్తి దించినా చెయ్యి మూలగలేదు. కానీ అతుకు తిప్పి చూస్తే కుట్టు వెన్నెముకలా పైకి లేచే ఉంది.

"గట్టిగా అదమండమ్మా," అన్నాడు షాపాయన.

"గట్టిగా అదిమే చెయ్యే ఉంటే నీ దుకాణానికి ఎందుకొస్తాను? అయినా ఇంత చవక సరుకు ఎన్నాళ్ళు బతుకుతుంది?"

"ఏడాది గ్యారంటీ."

"ఏడాదా!" అన్నది వదిన. ఇరవయ్యారేళ్ళు ఒకే పెట్టెతో కాపురం చేసిన మనిషికి ఆ మాట బూతులా వినిపించింది. వట్టి చేతులతో ఇంటికొచ్చారు.

ఇక్కడ మరదలి గురించి ఒక మాట చెప్పాలి. రెండు వీధుల అవతల ఉంటుంది, బస్సులో కండక్టరు. యూనిఫాం ఇస్త్రీలో ఆమెను మించినవాళ్ళు డిపోలో లేరు. చొక్కా చేతికి ఆమె తీసిన మడత మీద వేలు పెడితే తెగుతుందేమో అనిపిస్తుంది. అందుకే గురువారం, వదిన చేతి వ్యాయామానికి ఆసుపత్రికి వెళ్ళగానే, పక్కింటివాళ్ళ ఇస్త్రీ పెట్టె అడిగి తెచ్చింది. కుట్టి పెట్టిన గళ్ళు పదహారు బల్ల మీద ఉన్నాయి. వదిన వచ్చేసరికి అన్నీ చేసి దొంతరగా పేర్చి పెడితే ఎంత సంతోషిస్తుందో అనుకుంది. తాను రోజూ చేసే పద్ధతిలోనే, ఆ చివర మొదలుపెట్టి ఈ చివరిదాకా, నున్నగా, ఒత్తుతూ లాగుతూ, శ్రద్ధగా చేసింది.

మామూలు గుడ్డయితే ఏమయ్యేది కాదు. బొంత గడి అంటే రెండు ముక్కోణపు ముక్కల్ని కలిపి కుట్టినది. ఆ కోత ఐమూలగా, అంటే ఏటవాలుగా ఉంటుంది. ఐమూల కోత మీద వేడి పెట్టె జరిపితే గుడ్డ సాగుతుంది. ఎంత శ్రద్ధగా జరిపితే అంత శ్రద్ధగా సాగుతుంది.

వదిన వచ్చి దొంతరలో పై గడి తీసి చూసింది. రెండోది, మూడోది తీసింది. అంచులు అలలు తేలి, మూలలు నాలుక చాచినట్టు బయటికొచ్చి ఉన్నాయి.

"ఎవరు చేశారు?"

"నేనే," అన్నది మరదలు నవ్వుతూ. వదిన మొహం చూశాక ఆ నవ్వు ఎక్కడ దాచుకోవాలో తెలియలేదు.

"ఎవరు చెయ్యమన్నారు? చేతకాని పనిలో చెయ్యి పెట్టమని నిన్నెవరు పిలిచారు? ఉన్న గుడ్డంతా ఇదే. ఆ రంగు మళ్ళీ దొరకదు. నీ టికెట్లు నువ్వు కొట్టుకోరాదా?"

మరదలు పెట్టె ప్లగ్గు పీకింది. వైరు చుట్టింది. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది.

"చేతకాదని నాకూ తెలుసు. నీకు ఒక చెయ్యి తక్కువైంది కదా, నీ చెయ్యి నేనవుదామనుకున్నాను. అంతే వదినా." కళ్ళనీళ్ళు కారుతుండగానే పెట్టె పట్టుకుని వెళ్ళిపోయింది.

వదిన ఆమె వెనక వెళ్ళలేదు. వెళ్ళాలని ఉంది, కాళ్ళు కదల్లేదు. ఆ కదలని కాళ్ళ మీద వచ్చిన కోపంతోనే ఫోను తీసి మేస్త్రికి చేసి, ఆదివారం పొద్దున బండి తెచ్చుకుని మిషను తీసుకెళ్ళమని చెప్పేసింది. ఆయన సంతోషం ఫోనులోంచి బయటికి పొర్లింది.

మిషను బయటికి వెళ్ళాలంటే వాకిట్లో మొగుడు నిలబెట్టిన చెక్కలు తియ్యాలి. ఆ సంగతి చెప్పడానికి పెరట్లో రేకుల షెడ్డుకు వెళ్ళింది. ఆయన వడ్రంగి. షెడ్డులోకి వదిన రాదు, కుట్టుగదిలోకి ఆయన రాడు. గుడ్డ మీద రంపపు పొట్టు పడకూడదని పెళ్ళయిన కొత్తలో చేసుకున్న ఒప్పందం అది. ఆ ఒప్పందానికి కారణం మరొకటి కూడా ఉంది. ఒకసారి ఆయన బీరువా తలుపు అంచుకు పట్టీ అంటించడానికి ఆమె ఇస్త్రీ పెట్టె చెప్పకుండా తీసుకెళ్ళి, అడుగంతా జిగురు పూసి తెచ్చాడు. తొమ్మిది రోజులు వదిన ఆయనతో మాట్లాడలేదు. పదో రోజు మాట్లాడినప్పుడు, ఆ తొమ్మిది రోజులే నయమనిపించింది ఆయనకు.

ఇప్పుడు షెడ్డు గుమ్మంలో అడుగుపెట్టి వదిన ఆగిపోయింది. ఆయన చేతిలో ఇస్త్రీ పెట్టె ఉంది.

ఆయన దాన్ని వెనక్కి దాచబోయాడు. వేడి పెట్టెను వీపు వెనక దాచడం ఎంత తెలివైన పనో మరుక్షణమే తెలిసొచ్చి, "అబ్బా!" అంటూ ముందుకు తెచ్చాడు.

"ఏవండీ, అదేమిటి?"

"ఇదా... ఇది నాది. నీది కాదు. ఒట్టు. నీది ముట్టుకోలేదు."

"ఎన్నాళ్ళ నుంచి?"

"పదకొండేళ్ళు," అన్నాడాయన నేల చూపులు చూస్తూ. "అన్నిట్లోకీ చవకది తెచ్చుకున్నాను. ఎన్నిసార్లు కింద పడిందో లెక్కలేదు. ఓసారి నిచ్చెన మీదినుంచి పడింది. వైరు ఒక్కసారి మార్చాను. చావదు, ఏం చేసినా చావదు."

వదిన దగ్గరికి వెళ్ళి చూసింది. ఒక తిప్పుడు మీట. ఒక ఎర్ర దీపం. బెజ్జాల్లేని అడుగు. మసి, జిగురు, గీతలు, అన్నీ ఉన్నాయి కానీ అది దుకాణంలో కింది అరలోని దుమ్ము డబ్బా పెట్టెకు అక్కే. చంకలో బిడ్డను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, పదకొండేళ్ళు తన పెరట్లో బతికిన పెట్టెకు బజారులో ఏడాది గ్యారంటీ చాలదని అలిగి వచ్చింది తాను! నవ్వు వచ్చింది, ఏడుపూ వచ్చింది. రెండూ ఆపుకుని, "కానివ్వండి, మీ పని చూడనివ్వండి," అన్నది.

ఆయనకు నమ్మకం కుదరలేదు గానీ పని ఆగకూడదు. వెనక జిగురు పూసిన పలుచటి చెక్క పట్టీని బల్ల అంచుకు ఆనించి, దాని మీద పెట్టె పెట్టాడు. తీశాడు. వెంటనే జానెడు చెక్క దిమ్మ ఒకటి తీసుకుని అదే చోట అదిమి, దాని మీద మోచెయ్యి ఆనించి, కూనిరాగం తీస్తూ నిలబడ్డాడు.

"ఆ దిమ్మ ఎందుకు?"

"పెట్టె జిగురును కరిగిస్తుంది, అంతే. అంటించేది దిమ్మ. పెట్టెతోనే అదిమితే వేడి తగ్గదు కదా, తియ్యగానే పట్టీ మళ్ళీ లేస్తుంది. దిమ్మ ఆ వేడిని తాగేస్తుంది. చల్లారేదాకా ఒత్తిపెట్టి ఉంచితే అట్లాగే ఉండిపోతుంది. దీనికి బలమెందుకోయ్, ఓపిక చాలు."

ఇరవయ్యారేళ్ళుగా వదిన వేడీ బరువూ ఒకే వస్తువులో ఉండాలనుకుంది. పాత పెట్టెలో ఆ రెండూ కలిసి ఉన్నాయి గనక, వేరుగా ఉండొచ్చన్న ఆలోచనే రాలేదు. గిరుక్కున తిరిగి ఇంట్లోకి వెళ్ళి, ఇస్త్రీ చెయ్యని అతుకులు గుప్పెడు తెచ్చింది. ఆయన పెట్టె అడుగున జిగురుంది, అందుకని గుడ్డ మీద పాత కాగితం పరిచింది. పెట్టె దించి, అయిదు లెక్కపెట్టి, ఎత్తింది. కాగితం తీసేసి, నున్నటి దిమ్మ ఒకటి ఏరి పెట్టి, దాని మీద మోచెయ్యి ఆనించి, ఒంటి బరువంతా వదిలింది. మణికట్టుతో పనే లేదు. మోచెయ్యి విరగలేదు కదా!

ఇరవై లెక్కపెట్టి దిమ్మ తీసింది. కుట్టు కాగితంలా పరుచుకుంది. పాత పెట్టె కూడా ఎప్పుడూ అంత నున్నగా చెయ్యలేదు. ఆ మాట పైకి అనలేకపోయింది, పోయినదాని గురించి అట్లా మాట్లాడకూడదనిపించింది.

"ఏమోయ్, ఏడుస్తున్నావా?" అన్నాడాయన కంగారుగా.

"పొట్టు పడింది కంట్లో. మీ షెడ్డు కదా," అన్నది వదిన. "ఆ దిమ్మ నాకు కావాలి. గరుకు లేకుండా చిత్రిక పట్టండి. పైన పట్టుకోవడానికి ఒక గుబ్బ పెట్టండి. జిగురు మాత్రం తగలనిచ్చారో..."

"తొమ్మిది రోజులు," అన్నాడాయన.

సాగిపోయిన పదహారు గళ్ళనూ ఆ సాయంత్రమే ముందేసుకుంది. చెక్క మీద కొలత ప్రకారం గడి గీసి, గుడ్డను తడిపి, గీతలోపలికి వేళ్ళతో మెల్లగా కూర్చి, సూదులు గుచ్చి, వేడి చూపి, దిమ్మ పెట్టింది. సాగిన గుడ్డ కొంత వెనక్కి వచ్చింది. రానిదాన్ని కత్తెరతో సరిచేసింది. పదిహేను దారికొచ్చాయి. ఒక్కటి మాత్రం ఎంత బుజ్జగించినా ఒక పక్క అల తీసుకునే ఉంది.

ఇక మిగిలింది మనిషి. శనివారం పొద్దున వదిన డిపో దగ్గర నిలబడి, మరదలు ఉన్న బస్సు చూసి ఎక్కింది. మరదలు టికెట్లు కొడుతూ వచ్చి, ఆమెను చూసి, ముఖం గంటు పెట్టుకుని, "ఎక్కడికి?" అన్నది.

"నువ్వు ఎక్కడ దిగితే అక్కడికి."

"నేను చివరి స్టాపు దాకా దిగను."

"అయితే చివరి స్టాపుకే ఇవ్వు." టికెట్టు తీసుకుని, చిల్లర పుచ్చుకుని, ఆ చేతిని వదల్లేదు వదిన. "నా నోరు మంచిది కాదు పిల్లా."

"అది ఈ బస్సులో అందరికీ తెలుసు," అన్నది మరదలు. నిజమే, వెనక సీట్లో ఎవరో కిసుక్కుమన్నారు.

"గళ్ళు బాగయ్యాయి, ఒక్కటి తప్ప. దారి దొరికింది. పెట్టె పెట్టేది నేను, దిమ్మ పెట్టేది ఇంకొకరు ఉంటే పని రెట్టింపు సాగుతుంది. ఎవరూ పిలవలేదని అన్నాను కదా ఆరోజు, ఇప్పుడు పిలుస్తున్నాను. నువ్వు రావాలి."

మరదలు ముక్కు ఎగబీల్చి, ఈల ఊది, "ముందుకు జరగండి, ముందుకు," అని అందరినీ గదమాయించింది. రెండు స్టాపులు పోయాక వచ్చి వదిన పక్కన ఖాళీ సీట్లో ఒక్క నిమిషం కూర్చుని లేచింది. ఆ నిమిషంతోనే రాజీ కుదిరిపోయింది.

వచ్చేదారిలో వదిన ఎలక్ట్రికల్ షాపు దగ్గర దిగింది. షాపాయన ఆమె చేతిసంచి వంక భయంగా చూశాడు. ఈసారి సంచిలో గుడ్డ లేదు, సీసా లేదు. కింది అరలోని దుమ్ము డబ్బా వేలుపెట్టి చూపించింది.

"ఆరోజు ఫెయిలు చేశారు కదమ్మా దీన్ని?"

"పేపరు మళ్ళీ దిద్దాను," అన్నది వదిన.

ఆదివారం పొద్దున్నే మేస్త్రి తోపుడుబండి, తాళ్ళు, పాత దుప్పటి, ఒక మనిషి సాయం, అన్నీ వేసుకుని వచ్చాడు. గుమ్మంలోకి రాకముందే మిషను చప్పుడు వినిపించింది. లోపల వదిన కుడుతోంది. మరదలు దిమ్మ మీద మోచెయ్యి ఆనించి ఇరవై లెక్కపెడుతోంది.

"వదినా, సిద్ధమేనా?" అన్నాడు మేస్త్రి, ఆశ చావక.

"నెలాఖరుకు సిద్ధమవుతుంది. అప్పుడు రండి. బండి మాత్రం తప్పకుండా తీసుకురండి."

"మిషనుకేనా?"

"పది బొంతలు ఆసుపత్రికి చేర్చాలి. అన్నిటినీ నెత్తిన పెట్టుకుని నేను నడవలేను కదా."

మేస్త్రి తాళ్ళ వంక, మిషను వంక చూశాడు. పదేళ్ళ కోరిక కళ్ళముందే మళ్ళీ దారం ఎక్కించుకుంది. అయినా మంచి మనిషి, కూర్చుని కాఫీ తాగి, మిషనుకు నూనె కూడా వేసి, ఖాళీ బండి తోసుకుంటూ వెళ్ళాడు.

మాటంటే మాటే, నెలాఖరున బండి తెచ్చాడు. కొత్త వార్డులో గోడలు ఇంకా సున్నం వాసన వేస్తున్నాయి. పెద్ద సిస్టరు ముందు నడుస్తుంటే వదిన ఒక పక్క, మరదలు ఒక పక్క పట్టుకుని ఒక్కో మంచం మీదా ఒక్కో బొంత పరుచుకుంటూ పోయారు. ఎక్కడా ముడత లేదు, మూలలు మంచం మూలలకు సరిగ్గా కూర్చున్నాయి. పదో మంచం దగ్గర, కిటికీ పక్క, మరదలి చెయ్యి ఆగింది. బొంత కింది మూలన ఒక గడి. అన్నీ నీళ్ళలా సమంగా ఉంటే, దాని అంచు ఒక్కటే చిన్న అల తీసుకుని ఉంది.

"వదినా, ఇది నాదే కదూ?"

"నీదే."

"దారికి రాలేదని చెప్పావు కదా. తీసి పారేస్తావనుకున్నాను. ఒక్క నూలుపోగు పక్కకు జరిగినా ఒప్పుకోవు నువ్వు. నా తప్పు గుర్తుండాలని కుట్టావా?"

వదిన ఆ గడిని అరచేత్తో, తన కుడి అరచేత్తోనే, ఒకసారి నిమిరింది. ఆ చెయ్యి ఇప్పుడు వణకడం లేదు.

"కాదు పిల్లా. నా చెయ్యి నువ్వవుతానని వచ్చావు చూడు, అది గుర్తుండాలని."

మరదలు వంగి ఆ మూలను మంచం కిందికి మడవబోయింది. వదిన ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది, మూలను అందరికీ కనిపించేలా పైకి తీసి, నీటుగా సర్దింది.